జాబితాలో బాతు

గుడ్డు గుడ్డు గుండ్రాయీ,
గూటిలోన వెచ్చాయీ,
మంచు కరిగే వేళకీ... మంచు కరిగే వేళకీ...

ఆ తరవాతేమిటో తేలమ్మకి గుర్తు రాలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడేది. మూడుసార్లు మొదటినుంచి అందుకుంది. మూడుసార్లూ మంచు దగ్గరే ఆగిపోయింది. పాట పోతే పోయింది, కూతురి పక్కన కూర్చుంటే అదే వచ్చునేమో. కాని కూతురు ఏటి అవతల ఉంది. తేలమ్మ ఇవతల గుహలో ఉంది. ఆమె గుహ దాటకూడదని చట్టం.

బాతుకి చట్టమేమిటి అంటారా? వినండి మరి.

అనగనగా చలిదేశంలో ఒక పెద్ద అడవి. పేరుకి ఒకటే సామ్రాజ్యం. లోపలికి వెళ్ళి చూస్తే మూడు వందల రాజ్యాలు. పొదకో రాజు, పుట్టకో రాజు. ఒక నక్కదొర రాజ్యం ఎంతంటే, ఆయన కాళ్ళు చాపుకుని పడుకుంటే తోక పక్క రాజ్యంలో ఉండేది. ఆ తోక కదిలినప్పుడల్లా అవతలివాళ్ళు దండు కట్టేవారు.

వీళ్ళందరికీ పైన ఒక చక్రవర్తి, ఎలుగుబంటి. ఏడుగురు పెద్ద దొరలు కూడి ఆయన్ని ఎన్నుకున్నారు. ఎన్నుకునే ముందు ఒక్కొక్కరూ ఒక్కో మాట పుచ్చుకున్నారు. నా పొద జోలికి రాకూడదని ఒకరు, నా తేనెపట్టు వైపు చూడకూడదని ఒకరు. ఏడుగురికీ మాట ఇచ్చేసరికి ఆయనకి కిరీటం తప్ప ఇంకేమీ మిగల్లేదు. పుల్ల విరవాలన్నా మూడు వందల మందిని అడగాలి పాపం.

అడవిలో అందరూ సూర్యుడికే మొక్కేవారు. పొడిచేటప్పుడు మొక్కాలని కొందరన్నారు. కుంకేటప్పుడు మొక్కాలని కొందరన్నారు. రాజు ఏ వేళ మొక్కితే ఆ రాజ్యంలో అందరూ ఆ వేళే మొక్కాలి. ఇష్టం లేనివాళ్ళు మూటాముల్లె సర్దుకోవాలి. ఒక కుందేలు మేత మేసేది ఉదయంవాళ్ళ రాజ్యంలో, నీళ్ళు తాగేది సంజెవాళ్ళ రాజ్యంలో. రెండు పూటలా వంగి వంగి దానికి నడుం పట్టేసింది.

ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గాని, దీనికోసమే ముప్పై చలికాలాలు కొట్టుకు చచ్చారు. తేలమ్మ మొగుడు ఒకనాడు ఏటికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన ఏ వేళ మొక్కేవాడో ఎవరూ అడగనైనా లేదు.

చివరికి అందరూ అలిసిపోయి రాజీకి వచ్చారు. అడవి నడుమ ఉన్న మొక్కుల గుహ ఇద్దరిదీ అన్నారు. పొద్దున్న కొంగయ్య పూజారి తనవాళ్ళతో మొక్కుకోవాలి, సాయంత్రం గూబయ్య పూజారి తనవాళ్ళతో మొక్కుకోవాలి. ఒకరి వస్తువు ఒకరు జరపకుండా ఇంకో కట్టు కట్టారు. రాజీ కుదిరిన రోజున గుహలో ఏది ఎక్కడుందో, కలకాలం అది అక్కడే ఉండాలి. ఏ ఒక్కటి తగ్గినా రాజీ చెల్లదు.

చుంచెలుక గుమస్తా వచ్చి జాబితా రాసుకుంది. గంట ఒకటి. రాతిబల్ల ఒకటి. చీపురు ఒకటి. బాతు ఒకటి.

ఆ బాతు తేలమ్మే. బయట వడగళ్ళు పడుతుంటే క్షణం తలదాచుకుందామని లోపలికి వచ్చింది. అంతే, చీపురు పక్కన ఉండిపోయింది, నాలుగేళ్ళు.

నిజానికి ఆమె పెద్దగా బాధపడలేదు. నేను ఇక్కడ కూర్చుంటే ఇంకొకరి మొగుడు ఏటికి వెళ్ళి తిరిగొస్తాడు కదా, కూర్చుందాం అనుకుంది. కాని ఆ ఏడు మంచు కరుగుతూండగా నురుగు అనే ఆ కూతురి దగ్గర్నుంచి పిచ్చుక కబురు తెచ్చింది. ఐదు గుడ్లు పెట్టిందట. వాటిని ఎప్పుడు తిప్పాలో, ఎంతసేపు వదలవచ్చో తెలియడం లేదట. నిరుడు పెట్టినవి నాలుగూ చల్లబడిపోయాయట. అమ్మని ఒక్కసారి రమ్మందట.

తేలమ్మ పొద్దున్నే కొంగయ్యని అడిగింది. ఆయన ఒంటికాలు మార్చి రెండో కాలు మీద నిలబడ్డాడు.

"నా మటుకు నేను ఈ క్షణం వెళ్ళమంటాను వదినా. కాని నిన్ను మేమే తరిమేశామని ఆ గూబ అంటాడు. వాడి నోరు నీకు తెలీదూ?"

సాయంత్రం గూబయ్యని అడిగింది. ఆయనా కళ్ళు తిప్పి అదే చెప్పాడు, పేరు మాత్రం కొంగది పెట్టాడు.

ఇక చక్రవర్తికి కబురు పెట్టింది. ఆయనకి వేరే పనేముంది, తానే నడిచొచ్చాడు. ఆమె చెప్పిందంతా విని, కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సంగతి మూడు వందల రాజుల మహాసభలో పెడతానన్నాడు.

"గుడ్లు నెల తిరక్కుండా పిగులుతాయి నాయనా," అంది తేలమ్మ.

"సభలో ఎవరు ఏ మొద్దు మీద కూర్చోవాలో తేలడానికే రెండు చలికాలాలు పడుతుందమ్మా," అన్నాడు ఆయన. చెబుతూ తనే తల దించుకున్నాడు.

ఆ రాత్రి తేలమ్మకి నిద్ర లేదు. వెళితే రాజీ పోతుంది. వెళ్ళకపోతే గుడ్లు పోతాయి. తెల్లవారగానే ఉదయంవాళ్ళు వచ్చారు. తేలమ్మ ఊరికే వాళ్ళ చూపులు గమనిస్తూ కూర్చుంది. గంట జరిగిందేమోనని చూశారు. బల్ల మీద సంజెవాళ్ళ ఈక ఏదైనా పడిందేమోనని చూశారు. ఆమె వైపు ఎవరూ చూడలేదు. సాయంత్రం వచ్చినవాళ్ళూ అంతే. మర్నాడు ఆమె రాతిబల్ల వెనక కూర్చుంది. ఎవరూ వెతకలేదు. మూడోనాడు గుహ గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. ఒకాయన దాటుకుంటూ, కాస్త పక్కకి జరగమ్మా అని కూడా అన్నాడు. ఎవరితో అన్నాడో ఆయనకే పట్టలేదు.

వీళ్ళు ఒకళ్ళనొకళ్ళు తప్ప ఇంకేమీ చూడరు, అనుకుంది తేలమ్మ. ఏటా జాబితా సరిచూడ్డానికి గుమస్తా వచ్చే రోజు ఒకటుంది. ఆ లోపల తిరిగొచ్చేద్దాం అనుకుని ఏట్లోకి దిగింది.

కూతురి గూటిలో తల్లీకూతుళ్ళు వంతులేసుకున్నారు. ఎప్పుడు తిప్పాలో తేలమ్మ చూపించింది. తల్లి తినడానికి లేచినప్పుడు బొచ్చుతో ఎలా కప్పాలో చూపించింది. గుమస్తా వచ్చే రోజు దగ్గరపడింది. నాలుగు గుడ్లు పిగిలాయి. ఐదోది పిగలదు. లోపల టిక్కు టిక్కుమంటోంది, బయటికి రాదు. వెళ్ళిపోమ్మా, మళ్ళీ యుద్ధం వస్తుందేమో అంది నురుగు. తేలమ్మ వెళ్ళలేదు. ఆ ఐదోదీ బయటపడి, తడి ఆరి, కాళ్ళ మీద నిలబడేసరికి గుమస్తా వచ్చే రోజు రానే వచ్చి, పొద్దెక్కింది.

అప్పుడు చూడాలి ఆమె పరుగు. ఈత కొట్టి, గట్టెక్కి, పడుతూ లేస్తూ గుహ దగ్గరికి వచ్చింది. ఇంతలో వెనక కిచకిచ వినిపించింది. పిల్లలు ఐదూ వరస కట్టి వెంట వచ్చేశాయి, వాటి వెనక రొప్పుతూ నురుగు. గుహ ముందు ఉదయంవాళ్ళు ఒక వైపు, సంజెవాళ్ళు ఒక వైపు బారులు తీరి ఉన్నారు. ఆమె గుమ్మం పక్క పొదలో నక్కింది.

లోపల చక్రవర్తి, ఇద్దరు పూజారులు చూస్తూండగా గుమస్తా జాబితా చదువుతోంది. గంట ఉంది. బల్ల ఉంది. చీపురు ఉంది.

"బాతు?"

పూజారులిద్దరూ చీపురు పక్కనున్న ఖాళీ మూల వైపు చూశారు. పొదలో తేలమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. లేదంటే మొదట ఎవరి మీద పడతారో కొంగయ్యకి తెలుసు. గూబయ్యకీ తెలుసు.

"ఉంది," అన్నాడు కొంగయ్య. "ఇవాళ పొద్దున్న కూడా చూశాను. కాస్త చిక్కింది."

గూబయ్య ఆయన వైపు ఒక చూపు చూశాడు. మళ్ళీ ఆ ఖాళీ మూల వైపు చూశాడు.

"నాకూ కనబడింది. నిన్న సాయంత్రం మా పూజలో దగ్గింది కూడా. మందిప్పించాలి."

పాపం, దగ్గుకి తేనె పెట్టాలని ఒకరన్నారు. తేనె పడదు, మిరియాలు మంచివని ఇంకొకరన్నారు. ముప్పై చలికాలాలు కొట్టుకున్నవాళ్ళు, లేని బాతుకి ఏ మందు వెయ్యాలా అని అరగంట మాట్లాడుకున్నారు. గుమస్తా చుంచెలుక కళ్ళజోడు తుడుచుకుంది. ఆ మూల వైపు ఒకసారి చూసింది, ఇద్దరు పూజారుల వైపు ఒకసారి చూసింది. బాతు ఒకటి, ఉంది అని రాసుకుంది. అందరూ ఊపిరి పీల్చుకుని ఇళ్ళకి పోయారు.

అందరికన్నా వెనక చక్రవర్తి బయటికి వచ్చాడు. పొద పక్కన తేలమ్మ కనబడింది. ఆమె వెనక నురుగు, నురుగు వెనక పసుపు ముద్దల్లా ఐదు పిల్లలు. అన్నిటికన్నా చిన్నది ఆయన కాలిగోరు పొడిచి చూసింది, తినేదేమోనని. ఆయన వంగి, కిరీటం జారకుండా ఒక చేత్తో పట్టుకున్నాడు. ఆ తరవాత ఆయన మళ్ళీ ఆ వైపు రాలేదు, తేలమ్మా మళ్ళీ గుహకి వెళ్ళలేదు. ఆమెతో ఆయన అన్న ఆఖరి మాట ఇదే:

"అమ్మా, నువ్వెవరో నాకు తెలీదు. లోపల ఒక బాతమ్మ ఉంది, జాబితాలో కూడా ఉంది. నీకెప్పుడైనా ఎదురైతే చెప్పు, మూడు వందల మంది రాజులూ నేనూ కలిసి చెయ్యలేని పని, ఆవిడ ఈదుకుంటూ వెళ్ళి చేసొచ్చిందని."

నీతి: కలిసి బతకడానికి కట్టుకున్న కట్టు ఒక ప్రాణానికి ఉరి కాకూడదు. ముడి కాస్త వదులు చేసినవాళ్ళే ఆ కట్టుని నిలబెడతారు.