పది నుంచి సున్నా లోపు

ఇంతవరకూ నేనేదీ రాసి ఎరగను. బాగా తెలిసిన సంగతి గనక ధైర్యం చేస్తున్నాను.

రేపల్లెలో ఆడవాళ్లకు కంప్యూటరు నేర్పే సుగుణ టీచరుకి ఒక అలవాటుంది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పదు. అడిగినవాళ్లని ఏదో ఒక పనిలోకి దింపుతుంది.

ఆమె దగ్గర నేర్చుకునేవాళ్లలో శేషారత్నం ఒకతె. నలభై దాటిన మనిషి. నోట్లోంచి మాట రావడమే గగనం. అక్కడి కంప్యూటరులో రెండు సిస్టములున్నాయి. కొత్తదాంట్లో ఇంటర్నెట్టు, పాతదాంట్లో శుభలేఖలు కొట్టే తెలుగు అక్షరాలు. మీట నొక్కగానే రెండు పేర్లూ తెరమీదికొస్తాయి. ఏది కావాలో అడుగుతూనే కంప్యూటరు పది నుంచి కిందికి లెక్కపెడుతుంది. సున్నా లోపు ఏదీ నొక్కకపోతే కొత్తదే తెరుచుకుంటుంది. శేషారత్నం కళ్లజోడు తగిలించుకుని, తనది ఏదో కూడబలుక్కుని, వేలు చాపేసరికి లెక్క అయిపోయేది. మళ్లీ ఆపాలి, మళ్లీ వెయ్యాలి.

"ఏం అక్కా, బస్సు మళ్లీ వెళ్లిపోయిందా?" అనేది పక్కన కూర్చునే నాగూర్‌బీ. అందరూ నవ్వేవాళ్లు. శేషారత్నమూ నవ్వేది.

ఒకరోజు ప్రింటింగు ప్రెస్సు యజమాని కబురు చేశాడు. రేపు వస్తాడట. ఆ కంప్యూటరు మీదే, పాత అక్షరాల్లో శుభలేఖ కొట్టి చూపించినవాళ్లకి ఉద్యోగమట. అది తనదే కావాలనుకుంది శేషారత్నం. అందరూ వెళ్లేదాకా ఆగి అడిగింది.

"టీచరుగారూ, ఇది తెరుచుకునే పద్ధతి ఎట్లా పెడితే మంచిదండీ? పాతదే ముందు వచ్చేట్టు పెడితే మిగతావాళ్లకి ఇబ్బంది. ఇట్లాగే ఉంచితే నాకు అందదు."

టీచరు వినీ విననట్టు గుమ్మంలోకి నడిచింది. అక్కడ పూలామె బుట్ట దించి ఉంది.

"శేషారత్నం, మల్లెలా, కనకాంబరాలా?" అంది టీచరు. ఈమె నోరు తెరిచేలోపే, "సరే, కనకాంబరాలే" అని మూర కొని చేతిలో పెట్టింది. శేషారత్నం తలలో పెట్టుకుంది.

"ఇంతకీ నీకేవి ఇష్టం?"

"మల్లెలండీ."

"మరి చెప్పలేదేం?"

"మీరు ఆగితే కదండీ చెప్పడానికి!"

గట్టిగానే అనేసింది. అని, తనే ఉలిక్కిపడింది. టీచరు కోప్పడలేదు. కంప్యూటరు సెట్టింగులు మార్చే పాస్‌వర్డు చెవిలో చెప్పి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున శేషారత్నం అందరికన్నా ముందు వచ్చింది. పాఠంలో చూసిన సెట్టింగులు వెతికి తెరిచింది. ఒకసారి తప్పింది, మళ్లీ కూర్చుంది. ఏ సిస్టమునీ ముందుకు తేలేదు, వెనక్కి నెట్టలేదు. లెక్కపెట్టడాన్ని తీసేసింది.

"ఇదేంటక్కా, కదలట్లేదు?" అంది నాగూర్‌బీ వచ్చి.

"నొక్కితేనే కదులుద్ది. ఎవరిది వాళ్లు నొక్కుకోండి."

ప్రెస్సు యజమాని వచ్చాడు. శేషారత్నం కంప్యూటరు వేసింది. రెండు పేర్లూ వచ్చి నిలబడ్డాయి. ఆమె కళ్లజోడు తీసి, పైటచెంగుతో తుడిచి, పెట్టుకుని, రెండూ చదివి, తనది నొక్కింది. కాసేపటికే శ్రీరస్తు, శుభమస్తు కొట్టేసి, "పెళ్లికూతురి పేరు చెప్పండి" అంటోంది.

"చెయ్యి బాగుంది, రేపట్నుంచి రమ్మనండి" అన్నాడాయన టీచరుతో. "మీ కంప్యూటరే కాస్త నెమ్మదిలాగుంది."

"నెమ్మది కాదండీ" అంది టీచరు. "ఇవాళ పొద్దున్నే మర్యాద నేర్చుకుంది."