పాట చివరిదాకా

కొనేవాడు అడగని లోపాన్ని అమ్మేవాడు చెప్పకపోతే అది అబద్ధం కిందికి వస్తుందా అని మస్తాన్‌రావు అడిగాడు. పాత గ్రామఫోను రికార్డులు సేకరించి ఆన్‌లైన్ వేలంలో అమ్మే తెనాలి కామేశంగారి దగ్గర అతను ఏడాదిగా పని నేర్చుకుంటున్నాడు. అడగడం వినయంగానే అడిగాడు గాని, అంచు పెచ్చులూడిన రికార్డు ఒకదానికి ఆ పెచ్చు ఊసెత్తకుండా వర్ణన అప్పటికే రాసి పెట్టుకున్నాడు. మన ధర్మసందేహాలన్నీ ఇంతే, పని కానిచ్చాకే పుడతాయి.

కామేశంగారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పదేళ్ల కిందటి తన సంగతే ఒకటి చెప్పారు.

అప్పట్లో ఆయన ఒక నాటకం పాటల రికార్డు వేలానికి పెట్టారట. లేబులు మీద నాటక సమాజం పేరే తప్ప పాడినావిడ పేరు లేదు. పాట నిక్షేపంలా ఉంది. పాట అయిపోయాక వచ్చే చివరి చుట్ల మీద మాత్రం మేకుతో గీసినట్టు లోతైన గీత. పాటయ్యాక ఎవడు వింటాడులే అని ఆ సంగతి రాయలేదు. బొబ్బిలి నుంచి సుభాషిణమ్మ అనే డెబ్బయ్యేళ్లావిడ ఒకే ఒక్క ప్రశ్న రాసి పంపింది.

"చివరిదాకా పలుకుతుందా అండీ?"

"పాట చివరిదాకా పలుకుతుందండీ" అని ఈయన జవాబిచ్చారు. ముందు ఒక్క మాట చేర్చారు, అంతే. అందులో అబద్ధం వెతకండి, దొరకదు. ఆ తెలివికి ఆ రోజు తనను తానే మెచ్చుకున్నారట.

అదే వారం ఇంకొకాయన కూడా అదే రికార్డు ఇంకో ప్రతిని వేలానికి పెట్టి, మధ్యలో నాలుగుచోట్ల సూది ఎగురుతుందనీ, అంచు చిట్లిందనీ ఉన్న లోపాలన్నీ ఏకరువు పెట్టాడు. సుభాషిణమ్మ దాన్ని వదిలేసి కామేశంగారిదే పాడుకుంది. ఆ రెండోది ఎవరో కొనుక్కుపోయారు. అలాంటిది మళ్లీ ఎక్కడా అమ్మకానికి రాలేదు.

రికార్డు చేరాక ఆవిడ ఫోన్ చేసింది. ఆ పాట పాడింది తన తల్లేనని పిన్ని చెబుతుండేదట. ఈవిడ పుట్టిన పదకొండో రోజునే తల్లి పోయింది. ఫొటో అన్నా లేదు. ఆ సమాజంలో పాడే ఆడవాళ్లు నలుగురైదుగురు, ఎన్నడూ వినని గొంతును పాపం ఎలా పోల్చుకుంటుంది? అయితే ఆ కాలంలో పాట కాగానే పాడినవాళ్లు తమ పేరు తామే చెప్పుకునేవారు. మీ అమ్మ కూడా అలాగే చెప్పుకుంది అని పిన్ని అనేది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి సూది గరగరమంది.

"దారిలో గీత పడి ఉంటుంది లెండి. పంపేముందు మీరు విన్నారు కదా, చివర ఏ పేరు చెప్పిందండీ?" అని ఆవిడ అడిగింది.

ఏదో ఒక పేరు చెప్పేద్దామని నోటిదాకా వచ్చిందని కామేశంగారు ఒప్పుకున్నారు. చెప్పలేక, గీత మొదటినుంచీ ఉందనీ, ఆ పేరు తానూ వినలేదనీ చెప్పేశారు. వెనక్కి పంపెయ్యమ్మా అని ఈయన బతిమాలితే, ఈ గొంతు మా అమ్మదే అయితే ఎలా పంపనండీ అని ఫోన్ పెట్టేసింది.

మస్తాన్‌రావుకి మనసంతా పాడైపోయింది. ఆవిడ వేలంవాళ్లకి ఫిర్యాదు చేసిందా అని మెల్లగా అడిగాడు. కామేశంగారు ఫోన్ తెరిచి, ఆవిడ ఆ అమ్మకం కింద రాసిన అభిప్రాయం చూపించారు. అయిదు నక్షత్రాలిచ్చి, "రాసినట్టే ఉంది" అని రెండే రెండు మాటలు రాసింది.

"చూశావా నాయనా, ఆవిడ కూడా అబద్ధం రాయలేదు" అన్నారు కామేశంగారు.