సూదయ్యకు ఐదు దుంపలు

నల్లేరు కోన అడవిలో ఎలుగుబంట్లు, నక్కలు, కుందేళ్ళు, ముళ్ళపందులు, పందికొక్కులు, ముంగిసలు ఉండేవి. వానలకు ముందు ఎలుగుబంట్లు తమ గుహల్లో పేరుకున్న మట్టి తవ్వించుకునేవి.

తవ్వేవాళ్ళంతా తెల్లారేసరికి చట్టుబండ దగ్గర నిలబడాలి. నక్క మేస్త్రీ వచ్చి "నువ్వు రా, నువ్వు రా" అని పిలుచుకుపోయేవాడు. సాయంత్రం కూలి కింద దుంపలు ఇచ్చేవాడు.

ముళ్ళపంది సూదయ్యంత బాగా తవ్వేవాడు ఆ కోనలోనే లేడు. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు. ఇంట్లో భార్య నిండు చూలాలు, ఇద్దరు పిల్లలు. చినుకు పడేలోగా బొరియ నిండా దుంపలు దాచకపోతే అందరికీ పస్తులే.

నక్క మేస్త్రీ రోజూ అతని చెవిలో ఊదేవాడు. "అందరికీ మూడే ఇస్తున్నా. నీ పనితనం చూసి నీకు ఐదు. ఎవరితోనూ అనకు సుమా!"

సూదయ్య ఉబ్బితబ్బిబ్బయ్యేవాడు.

ఒకనాడు కుందేలు చెంగమ్మ అడిగింది. "బావా, నీకు ఎన్ని దుంపలు ఇస్తున్నాడు?"

"ఎవరి కూలి వాళ్ళది. నీకెందుకు చెంగమ్మా?" అని సూదయ్య ముళ్ళు విదిల్చాడు.

చెంగమ్మ ఊరుకునే రకం కాదు. పందికొక్కుల్ని అడిగింది. ముంగిసను అడిగింది. చివరికి వాగు దాటి ఎలుగుబంటి పెద్దాయననే అడిగింది.

"తలకు పన్నెండు చొప్పున మేస్త్రీకి ఇస్తున్నానే!" అన్నాడాయన.

"ఓరి వీడి దుంపతెగ!" అంది చెంగమ్మ.

మర్నాడు మిగతా కూలీలంతా కలిసి వెళ్ళి, తలకు పది చొప్పున ఎలుగుబంట్ల పనంతా నేరుగా ఒప్పుకున్నారు. చెంగమ్మ సూదయ్యనూ పిలవబోయింది. అతను మాట పూర్తి కానివ్వలేదు. "గుంపులో గోవిందా అనడం నావల్ల కాదు. నా గోళ్ళే నాకు కూలి తెస్తాయి" అన్నాడు.

ఆ తర్వాత నక్కకు పనులు రాలేదు. చట్టుబండ దగ్గర సూదయ్య ఒక్కడే పది రోజులు నిలబడ్డాడు. పదకొండో రోజు వాన పట్టుకుంది. బొరియలో నాలుగు దుంపలే మిగిలాయి.

తడుస్తూ చెంగమ్మ గుమ్మానికి వెళ్ళాడు. ఆమె బుట్టెడు దుంపలు ముందు పెట్టింది. "ముందు పిల్లలకు పెట్టు బావా. తెరిపి ఇచ్చాక మాతో పనికి రా."

సూదయ్య తల దించుకున్నాడు. "నాకు ఐదు ఇచ్చేవాడు చెంగమ్మా. మీ అందరికీ మూడే అని చెప్పాడు."

చెంగమ్మ నిట్టూర్చింది. "నాకు ఆరు ఇచ్చేవాడు బావా. చాలవని పేచీ పెట్టాను మరి."

నీతి: ఎంత పనిమంతుడైనా, తోటివారి కూలి తెలుసుకోనివాడు తన కూలి పోగొట్టుకుంటాడు.