నడుము లేని రాకుమారి

అనగనగా, పిల్లలూ, మంజరీపురాన్ని ఒక రాజుగారు ఏలుతుండేవారు. ఆయనకు లేకలేక పుట్టిన కూతురు కువలయ. చామనఛాయ, కాస్త బొద్దు, చూడముచ్చటైన పిల్ల. ఆ దేశంలో ఆడపిల్లకు పెళ్ళీడు వస్తే బొమ్మ గీయించరు. ఆస్థానకవి చేత పద్యం రాయించి దేశదేశాలకూ పంపుతారు. కవిగారు ఆ పిల్లవైపు చూడనైనా చూడకుండా, కళ్ళు మూసుకుని రాసేశారు. ముఖం చంద్రబింబమట, కళ్ళు చేపలట, జడ నల్లత్రాచట, నడక హంసదట, పలుకు చిలకదట. ఇక నడుమంటారా, అసలు లేనే లేదట!

"నాన్నగారూ, నడుము లేకపోతే నేనెలా నిలబడతానండీ?" అంది కువలయ.

"ఊరుకో తల్లీ, కవిత్వంలో అంతే" అన్నారు రాజుగారు.

ఆ పద్యం పోయి పోయి ఏడు సముద్రాల అవతల ధూమకేశుడనే మాంత్రికుడి చెవిన పడింది. పెళ్ళాడితే ఈ పిల్లనే ఆడాలని, గాలిలో ఎగిరి వచ్చి కువలయను ఎత్తుకుపోయాడు. తీరా తన దీవిలో దింపి చూస్తే ఏముంది, నడుముంది! శుభ్రంగా ఉంది. మాంత్రికుడికి ఒళ్ళు మండింది.

"పద్యం తప్పు కాదు, నువ్వే తప్పు. పున్నమినాడు నిన్ను దిద్దుతాను. కళ్ళు తీసి చేపల్ని పెడతాను, జడ కోసి త్రాచును కడతాను, నడుము చెరిపేస్తాను" అన్నాడు.

నడుము చెరిపేస్తే మనిషి రెండు ముక్కలే కదా! 

అక్కడ రాజుగారు, కూతుర్ని తెచ్చినవాడికే ఇచ్చి పెళ్ళి చేస్తానని చాటించారు. పక్కదేశపు అన్నదమ్ములు ముగ్గురు వచ్చారు. ఆనవాళ్ళకని కవిగారు ఆ పద్యమే చదివి పంపించారు. పెద్దవాడు ఏడు సముద్రాలూ దాటి దీవి చేరాడు.

"అమ్మాయీ, రాకుమారి ఎక్కడ?"

"నేనేనండీ."

"వేళాకోళమా? నీకు నడుముందే!" అని పడవ తిప్పేశాడు.

రెండోవాడొచ్చాడు. ఆమె కళ్ళలోకి తేరిపార చూసి, "చేపలేవీ?" అని పెదవి విరిచి, వాడూ పడవ తిప్పేశాడు. కువలయ కూలబడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, "ఆ కవి చేతులు పడిపోనూ!" అని తిట్టింది.

మూడోవాడు జయంతుడు. పద్యం చదువుతున్నంతసేపూ గుర్రుపెట్టి నిద్రపోయిన ఘనుడు. అంచేత రాకుమారి ఎలా ఉండాలో అతనికి తెలీదు.

"ఎందుకండీ ఏడుస్తున్నారు? మీ పేరేమిటి?" అన్నాడు.

కువలయ జరిగినదంతా చెప్పుకుంది.

పున్నమికని మాంత్రికుడు పట్టి తెచ్చిన చేపలు తొట్టిలోంచి తలలెత్తి, "మమ్మల్నీ కాపాడు బాబూ! కంటిగుంటల్లో ఎలా బతుకుతాం?" అన్నాయి. బుట్టలోని త్రాచు, "నన్ను రోజూ దువ్వుతారట!" అని బుసకొట్టింది. పక్కన కట్టేసి ఉన్న హంస మెడ చాచి, "వాడి ప్రాణం చిలకలో ఉంది. చిలక ఏడు గదుల లోపలుంది" అని గుట్టు చెప్పేసింది.

జయంతుడు కత్తి దూశాడు.

"కత్తి లోపల పెట్టండి. ముల్లును ముల్లుతోనే తీయాలి" అంది కువలయ.

పున్నమి వచ్చింది. మాంత్రికుడు చేపల్ని, త్రాచును దగ్గర పెట్టుకుని మంత్రం ఎత్తుకోబోయాడు. కువలయ ముఖం చిట్లించింది.

"చిలక పలుకులని ఉంది కదండీ, మరి చిలకేదీ?"

"అదొక్కటీ లేకపోతే ఏం?" అని నసిగాడు మాంత్రికుడు.

"పద్యం చెడిపోదూ? అయితే మానేయండి. అచ్చం పద్యంలాంటి పెళ్ళాం మీకు రాసిపెట్టి లేదు."

ఆ మాటకు మాంత్రికుడు తట్టుకోలేకపోయాడు. ఏడు తలుపులూ తీసి, చిలకను తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాడు. కువలయ దాన్ని గాలిలోకి ఎగరేసింది. చిలక సముద్రం మీదికి తుర్రుమంది. చాటునున్న జయంతుడు మాంత్రికుడి జుట్టు పట్టుకుని, చిలక కనుమరుగయ్యాకే వదిలాడు. "అయ్యో నా ప్రాణం!" అంటూ దాని వెనకాల పడ్డ మాంత్రికుడు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు.

చేపల్ని, త్రాచును, హంసను వదిలిపెట్టి ఇద్దరూ పడవెక్కి మంజరీపురం చేరారు. జయంతుడితో కువలయ పెళ్ళి ఏడూళ్ళు చెప్పుకునేలా జరిగింది. వాళ్ళిద్దరూ జుట్టు నెరిసేదాకా చల్లగా రాజ్యమేలారు. ఒకనాడు ముసలి జయంతుడు భార్య పక్కన కూర్చుని, "నీ నడుము..." అని మొదలుపెట్టాడు.

"ఇన్నాళ్ళకు మీకూ కవిత్వం వచ్చిందా?" అని ఉలిక్కిపడింది కువలయ.

"కాదే, నొప్పి తగ్గిందా?" అన్నాడు.