రాజుగారి అడవినాభి

ఒకానొక కొండరాజ్యాన్ని రణధీరవర్మ ఏలుతుండేవాడు. రాజు స్వహస్తాలతో నాటిన మొక్క చస్తే రాజ్యానికే అరిష్టమని అక్కడి నమ్మకం. అలా జరిగితే తోటమాలికి దేశబహిష్కారం.

ఒక తొలకరికి రాజు అడవి నుంచి అడవినాభి దుంప తెప్పించి ఉద్యానవనంలో నాటాడు. అది వెదురుగడను పట్టుకుని ఏనుగెత్తు పాకి, నిప్పుమంటల్లాంటి పూలు పూసింది. రాజు మీసం మెలేశాడు. "చూశారా, మా చేతి చలవ!"

చలికాలం వచ్చేసరికి తీగ మొదలంటా ఎండి నేలకొరిగింది. రాజు తోటమాలిని రప్పించాడు.

"ప్రభూ, అది చావలేదు. దాని తీరే అంత. దుంప నిద్రపోతోంది, వానలకు మళ్లీ లేస్తుంది," అని తోటమాలి సింగన్న కాళ్లమీద పడ్డాడు.

"మొక్క నిద్రపోవడమేమిటిరా! కదలదు, మెదలదు, ఇంకా చావలేదంటావు! పొద్దుగూకేలోగా పెళ్లాంబిడ్డలతో పొలిమేర దాటు," అని గర్జించి, రాజు మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాడు.

గాఢనిద్రలో ఉండగా కిటికీ కింద చావుడప్పు మోగింది. రాజు ఉలిక్కిపడి లేచి తొంగిచూశాడు. వాకిట్లో పచ్చి వెదురు పాడె. పక్కన కుండలో నిప్పు. ఆస్థాన విదూషకుడు పెద్దిభట్టు గుండెలు బాదుకుంటున్నాడు.

"ఎవరురా పోయింది?" అని రాజు కేకేశాడు.

"ఇంకెవరు, తమరే మహాప్రభూ!"

కిటికీలో రాజును చూసి డప్పులవాళ్లు డప్పులు పారేసి పరుగో పరుగు. రాజు తన చేతిని తనే గిల్లుకున్నాడు.

"మతి పోయిందా భట్టూ? నిద్రపోతున్నానయ్యా!"

"నాకేం తెలుసు ప్రభూ? ఎన్నిసార్లు పిలిచినా కదల్లేదు, మెదల్లేదు. అలా ఉంటే చచ్చినట్టేనని పొద్దున తమరే తీర్పిచ్చారు. రాజాజ్ఞ దాటగలనా?"

రాజు భట్టును వెంటబెట్టుకుని తిన్నగా తోటకు నడిచి, తనే మట్టి తవ్వాడు. లోపల నాగలి కర్రులా వంగిన దుంప. గట్టిగా, నిక్షేపంగా ఉంది.

"అమ్మో, బతికే ఉంది!"

"కప్పెట్టండి దొరా, నిద్ర చెడుతుంది," అన్నాడు అక్కడే మూట కట్టుకుంటున్న సింగన్న, కళ్లు తుడుచుకుంటూ.

రాజు శిక్ష రద్దు చేసి, భట్టుకేసి అనుమానంగా చూశాడు. "నేను లేవకపోయుంటే ఏం చేసేవాడివి?"

"పొద్దుగూకేదాకా ఆగి మోసుకెళ్లేవాళ్లం. సింగన్నకు తమరిచ్చిన గడువే తమరికీనూ!"

రాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, తన ముత్యాలహారం భట్టు మెడలో వేశాడు. అయినా లోపల దడ తగ్గినట్టు లేదు. మర్నాటి నుంచి పడకగది ముందు ఒక భటుణ్ణి నిలబెట్టాడు, "ప్రభువులు నిద్రపోతున్నారహో!" అని మధ్యమధ్య కేకవేయడానికి.