మిరియాల ధర

కొండ కింద ఒక రాజ్యంలో మిరియాలు అమ్ముకునే తిప్పక్క ఉండేది. కొండమీద తీగలు విరగకాశాయని విని, ధర పడిపోతుందనుకుంది. వర్తకుడు మాణిక్యప్ప దగ్గర రెండు బస్తాలు అరువు తెచ్చి, ఆనాటి మంచి ధరకి అమ్మేసింది. కొత్త పంట చవగ్గా కొని, బస్తాకి బస్తా తిరిగిచ్చేస్తే మిగిలింది తనదే కదా! ఇవ్వలేకపోతే కూతురితో సహా వెట్టికి వస్తానని ఒప్పుకుంది కూడా. ఎంత ధైర్యమో చూడండి!

మాణిక్యప్ప ఏం చేశాడూ, ఆ పంటంతా కొండమీదే కొనేసి కొట్లో దాచేశాడు. నిలవ సరుకుకి ఏనాటి ధర ఆనాటికి కట్టి పన్ను తీసుకోవడం ఆ రాజ్యపు ఆచారం. ఆశలో పడి ఆ సంగతే మరిచాడు.

గడువునాడు మాణిక్యప్ప తిప్పక్కని రాజుగారి ముందుకి రప్పించాడు. కూతురు చెంగు వదలడం లేదు.

"నా బస్తాలేవే?" అన్నాడు మాణిక్యప్ప.

"ఊళ్లో గింజ లేదు. మీరే అమ్మండయ్యా, కొనిస్తాను."

"బస్తా వంద వరహాలు. ఇవాళ్టి ధర అదే!"

తిప్పక్క దగ్గర అంత డబ్బెక్కడిది! అంత భయంలోనూ ఆ చివరి మాట చెవికి తగిలింది.

"ప్రభువులు విన్నారు కదా," అంది. "అయ్యగారి కొట్లో వెయ్యి బస్తాలున్నాయి. ఆ ధరకే పన్ను కట్టించుకోండి."

మాణిక్యప్ప మొహం పాలిపోయింది. "అయ్యో ప్రభూ, అంత ఎవరిస్తారు? బస్తా రెండు వరహాలొస్తే గొప్ప!"

"అయితే ఆ ధరకే నాకూ ఇప్పించండి."

రాజుగారు ఇప్పించారు. తిప్పక్క ఆ బస్తాలు అక్కడే అతనికి అప్పగించింది.

దారిలో కూతురు అడిగింది, "మళ్లీ అరువు తెస్తావా అమ్మా?"

తిప్పక్క కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "వద్దే తల్లీ. ధర పడితే నేలదాకానే పడుతుంది. పెరిగితే ఎక్కడాగుతుందో ఎవరికి తెలుసు?"