కుండ కింద పెట్టె

తప్పుడు అంకె ఒక్కటీ రాయలేదు. అయినా జిలానీకి మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. గురువారం పొద్దున్నే హైదరాబాదులో బయల్దేరి, ఎండ నడినెత్తికి వచ్చే వేళకి ఆదోనిలో దిగి, తిన్నగా తన గురువుగారి ఖాన్కాకి వచ్చాడు. ఖాన్కా అంటే సూఫీ గురువూ శిష్యులూ కలిసి ఉండే చోటు.

గురువుగారు హజ్రత్ నూరుల్లా షా చాప మీద కూర్చుని చిరిగిన టోపీ కుట్టుకుంటున్నారు. జిలానీ సలాం చేసి ఎదురుగా కూర్చున్నాడు.

"హజ్రత్, శనివారం నాకు పెద్ద పరీక్ష. దుఆ చేయండి, దేవుణ్ణి వేడుకోండి."

"ముందు సంగతి చెప్పు నాయనా. తీరిగ్గా చెప్పు."

సంగతి ఇదీ. టీవీకి తగిలించుకుని ఆడుకునే గేమ్ కన్సోళ్లను బయటి దేశాల నుంచి తెప్పించి దుకాణాలకి పంపే కంపెనీలో జిలానీ పనిచేస్తాడు. వాళ్ల దగ్గర రెండు రకాలున్నాయి. గరుడ అనేది జిలానీ చూసుకుంటాడు, మెరుపు అనేది వసుంధర చూసుకుంటుంది. రెండూ నడపడం బరువైపోయి, ఒకదాన్ని ఆపేద్దామనుకున్నాడు యజమాని. ఏది ఎక్కువ అమ్ముడైందో శనివారానికి తేల్చి రాసిమ్మని, లెక్కల మనిషి కదా అని జిలానీకే అప్పగించాడు. ఓడిన కన్సోల్‌తో పాటు దాని మనుషులూ ఉద్యోగాలు పోయి ఇంటికి పోతారు.

జిలానీ తేల్చాడు. గరుడ మూడు లక్షలు, మెరుపు రెండు లక్షలు.

కాగితం చూసి వసుంధర కోప్పడలేదు.

"జిలానీగారూ, మీ మూడు లక్షలూ మన గోడౌన్ గేటు దాటిన పెట్టెలు. నా రెండు లక్షలూ దుకాణంలో బిల్లు వేయించుకుని జనం ఇంటికి పట్టుకుపోయినవి. పైగా మీది వచ్చి మూడేళ్లయింది, నాది వచ్చి రెండేళ్లే. ఐదో తరగతి పిల్లాణ్ణీ మూడో తరగతి పిల్లాణ్ణీ పక్కపక్కన నిలబెట్టి ఎవరు పొడుగంటే ఎలాగండీ?"

"గేటు దాటితే మన దృష్టిలో అమ్ముడైనట్టే కదండీ. చాలామంది ఇలాగే లెక్కేస్తారు" అన్నాడు జిలానీ.

"సరే, మీ ఇష్టం" అని ఆవిడ కాగితం తిరిగి ఇచ్చేసింది.

ఆవిడ వాదించి ఉంటే బాగుండేది. ఆ "సరే" జిలానీ మనసులో ముల్లులా మిగిలిపోయింది.

"నేను అబద్ధమాడలేదు హజ్రత్" అన్నాడు జిలానీ. "గేటు దాటిన ప్రతి పెట్టెకీ రుజువుంది. మూడు లక్షలంటే మూడు లక్షలే. మరి మనసెందుకు కుదురుగా లేదో తెలియడం లేదు."

హజ్రత్ దారం కొరికి టోపీ పక్కన పెట్టారు.

"దాహంగా ఉంది. వసారాలో కుండ ఉంది, కాసిని నీళ్లు పట్టుకురా."

జిలానీ లోటాతో నీళ్లు తెచ్చాడు. ఆయన గుక్కగుక్కగా తాగి మూతి తుడుచుకున్నారు.

"ఆ కుండ కింద పీట నాని మెత్తబడినట్టుంది. ఏ రాత్రో కూలబడి కుండ పగులుతుంది. పెరట్లో రాతిపలక ఉంది, మార్చిపెట్టు."

జిలానీ పెరట్లోంచి రాతిపలక మోసుకొచ్చాడు. తడిగుడ్డ చుట్టిన కుండని పొదివి పట్టుకుని పక్కకి దించాడు. పీట మీద కప్పిన గోనెసంచి లాగాడు.

అది పీట కాదు. అట్టపెట్టె. కారిన నీళ్లకి ఒక మూల ఉబ్బిపోయింది. పైన బొమ్మ వెలిసిపోయి, రెక్క ఒకటే మిగిలింది. ఆ రెక్కని జిలానీ ఎక్కడున్నా గుర్తుపడతాడు.

గరుడ. సీలు కూడా తీయలేదు.

కిందటేడు మార్చి నెలాఖరులో తనే పంపాడు. సంవత్సరం లెక్క ముగిసేలోగా గోడౌన్ ఖాళీ కావాలని హాస్టళ్లకీ, బడులకీ, తెలిసినవాళ్లకీ కానుకలని పంపినవాటిలో ఇక్కడికి రెండు వచ్చాయి. పిల్లలు ఆడుకుంటారని చీటీ కూడా రాసిపెట్టాడు.

పెట్టె పట్టుకుని లోపలికి వచ్చాడు. మనసు చివుక్కుమంది.

"హజ్రత్! దీన్ని విప్పనే లేదా?"

"టీవీకి తగిలించాలని నువ్వే అన్నావు కదా. ఇక్కడ టీవీ ఏది నాయనా?" అన్నారు హజ్రత్. ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. "ఎత్తు మాత్రం చక్కగా కుదిరింది. వంగకుండా నీళ్లు ముంచుకున్నాం ఏడాది పాటు."

వంటింట్లోంచి మస్తాన్‌బీ తల బయట పెట్టింది. ఖాన్కాలో అందరికీ రొట్టెలు చేసి పెట్టేది ఆమే.

"ఓ జిలానీ! పిండిడబ్బా కింద ఇంకోటి ఉండాది. దాని జోలికొచ్చినావంటే రాత్రికి నీకు రొట్టెల్లేవు సూడు! అది తీస్తే డబ్బాలోకి చీమలు పడతాయి."

"నేనేం తీయనులే అమ్మా" అన్నాడు జిలానీ నీరసంగా.

"కానుక ఇచ్చినోడు మళ్లీ ఎత్తుకుపోవడం యాడైనా ఉందా అని" గొణుక్కుంటూ ఆమె లోపలికి పోయింది.

హజ్రత్ తడి పెట్టెని అరచేత్తో తుడిచారు. ఉబ్బిన మూలని నొక్కి సరిచేయబోతే అది మళ్లీ లేచింది.

"జిలానీ, ఇది నీ మూడు లక్షల్లో ఉందా?"

వసారాలో గోనెసంచి నుంచి నీటిచుక్కలు రాలుతున్నాయి.

"ఉంది హజ్రత్."

"పిండిడబ్బా కిందది?"

"అదీ ఉంది."

ఆయన సరేనన్నట్టు తలూపారు. సూదికి మళ్లీ దారం ఎక్కించుకోబోయారు, చూపు ఆనలేదు. జిలానీ తీసుకుని ఎక్కించి ఇచ్చాడు. టోపీ కుట్టడం మొదలుపెట్టారు.

జిలానీ ఆ కుట్టునే చూస్తూ కూర్చున్నాడు. చివరికి జిలానీయే అడిగాడు.

"శనివారానికి దుఆ చేస్తానని చెప్పలేదు మీరు."

"చేస్తాను నాయనా. ఏ అంకెకి చేయమంటావు?"

జిలానీ లేచాడు. వసారాలోకి వెళ్లి రాతిపలక సరిగ్గా కుదిర్చి, చుక్క ఒలకకుండా కుండని దాని మీద పెట్టాడు. చేతులు తుడుచుకుని అక్కడే నిలబడి ఫోన్ తీశాడు.

"వసుంధరగారూ, నేను జిలానీని. ఆ కాగితం పక్కన పడేస్తున్నాను. దుకాణాల నుంచి బిల్లులు తెప్పిస్తున్నాను. గేటు దాటినవి కాదు, ఇళ్లకి చేరినవే రాద్దాం. మీదీ నాదీ కూడా, వచ్చిన రోజు నుంచి మొదటి రెండేళ్లవే."

వసుంధర వెంటనే అడిగింది.

"అలా రాస్తే మీ గరుడ ఓడిపోవచ్చు, ఆలోచించుకున్నారా? మీవాళ్లున్నారు."

"ఓడుతుందో గెలుస్తుందో తెలియదండీ" అన్నాడు జిలానీ. "నేనింకా లెక్కపెట్టలేదు."

లోపల చాప మీద హజ్రత్ టోపీ పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తారు.